ఆకువక్క కింది జీతం

పుంగనూరులో నేననే మనిషే లేదని, నేను వలస పోదామనుకున్న దేశంవాళ్ళకు చెప్పింది, నాకు ఏళ్ళ తరబడి పని ఇచ్చిన మనిషే. ఆయనకు అక్కడ ప్రింటింగ్ ప్రెస్ ఉంది. కర్ణాటక పక్కనే కాబట్టి ఆయన దగ్గరికి వచ్చే కరపత్రాలు చాలావరకు తెలుగులోనూ కన్నడంలోనూ కావాలంటారు. ఎరువుల కంపెనీలవి, ఆసుపత్రులవి, ప్రైవేటు బడులవి. వాటిని ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మార్చేది నేను. నన్ను అమ్మా అంటాడు, నేను అన్నా అంటాను. అంతకుమించి మా మధ్య చుట్టరికమేమీ లేదు.

ఒక మధ్యాహ్నం మదనపల్లెలో మా మిద్దె మీద బట్టలు ఆరేస్తుంటే ఆయన ఫోను వచ్చింది. గొంతులో గర్వం పొంగిపోతోంది.

"అమ్మా, నీ గురించి ఎవురో ఫోన్ చేసినారు. మొదట ఇంగ్లీషులో ఒకామె, ఆమీట తెలుగులో ఒకాయన. ఇద్దురూ ఒకే లైన్లో! ఎట్లా తయారైనారో సూడు. నువ్వు తెలుసునా, నీకు డబ్బులు ఎట్లిస్తా, ఎప్పుడిస్తా అని ఒకటే ఆరా. లోన్ యాప్ వాండ్లు అని నాకు అప్పుడే అర్థమైపోయింది. ఆ పేరుతో ఈ ఊర్లో మనిషే లేదప్పా, ఇంకోసారి ఈ నంబరుకు చేస్తే బాగుండదు అని పెట్టేసినా. నువ్వేం బయపడద్దు."

తడి తువ్వాలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"అన్నా, నువ్వు నాకొక లెటరు మీద సంతకం పెట్టిచ్చినావే, అది సూసి చేసినారు వాళ్ళు."

"ఆ లెటరా? అది వీసాకు గదా?"

"వీసావాళ్ళేనన్నా."

అటువైపు ప్రెస్సు మెషీను ఆపిన చప్పుడు వినబడింది. తర్వాత ఆయన, "అయితే మళ్ళా చెయ్యమను. ఈసారి తెలుసు అనే చెప్తాలే," అన్నాడు.

నోటికొచ్చినట్టు తిట్టాలనిపించింది. కానీ ఏమని తిట్టను? మా వైపు తెలియని నంబరు నుంచి ఫోన్ చేసి ఫలానా ఆమె తెలుసా, ఆమెకు డబ్బు ఎలా వస్తుంది అని అడిగితే, తెలుసని చెప్పేవాడు ఆ మనిషికి పగవాడు అయ్యుండాలి. అప్పుల యాప్‌లవాళ్ళు స్నేహితుల నంబర్లకు చేసి పరువు తీస్తున్న కాలం. ఆయన నన్ను కాపాడాడు. తువ్వాలు తీగ మీద వేసి, ఎండలోనే కూర్చుండిపోయాను.

అసలు సంగతి చెప్పాలి. నైపుణ్యం ఉన్న పనివాళ్ళను వలస రానిచ్చే ఒక దేశానికి నేను దరఖాస్తు చేసుకున్నాను. దేశం పేరు ఎందుకులెండి. ఏ దేశం నిబంధనలు చూసినా అన్నీ ఒకే అత్తగారు రాసినట్టుంటాయి. ఆ దేశం తనకు కావలసిన పనుల పట్టిక ఒకటి పెట్టింది. ఇంజనీర్లు, నర్సులు, వడ్రంగులు, వంటవాళ్ళు, వాళ్ళ మధ్యలో అనువాదకులు. ఆ మాట అక్కడ చూసిన రోజు నాకు కలిగిన సంతోషాన్ని ఎవరికీ చెప్పుకోలేదు. మదనపల్లె కోర్టు దగ్గర నేను కాగితాలూ కక్షిదారుల మాటలూ అనువదించిపెట్టే వకీలు నన్ను కక్షిదారులకు చూపిస్తూ "రాసిపెట్టే అమ్మాయి" అంటాడు. చుట్టాలకైతే నేను ఇంట్లో ఖాళీగా ఉండే ఆడమనిషిని. మేం పోతున్నామన్న కబురు పొక్కినప్పటి నుంచి ప్రతి పెళ్ళిలోనూ ఒకే ప్రశ్న: "మీ ఆయనకు యాడొచ్చిందమ్మా ఉద్యోగం?" నా పని మీద నేను పోతున్నాను, ఆయన నా వెంట వస్తున్నాడు అంటే, ఏదో చతుర్లాడానని నవ్వేవాళ్ళు. మా ఆయన కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. దానికి ఇంటికొచ్చాక నాతో మాటలు పడేవాడు.

భాషల పరీక్ష పాసయ్యాను. ఇంగ్లీషు పరీక్ష పాసయ్యాను. మిగిలింది అనుభవం. అనుభవమంటే వాళ్ళ లెక్క వేరు. పని డబ్బు తీసుకుని చేసి ఉండాలి. ఏళ్ళ తరబడి చేసి ఉండాలి. ఆ మాట చెప్పే సాక్షి బంధువై ఉండకూడదు. నేను ముగ్గురి పేర్లు ఇచ్చాను. వకీలు ఇంగ్లీషులో చక్కగా చెప్పాడు గానీ ఆయన దగ్గర చేసింది ఈ మధ్య కాలం పనే, అది చాలదు. పుంగనూరు అన్న నన్ను భూమ్మీద లేకుండా చేశాడు. సంతకం పెట్టిన మనిషే తెలియదంటే, ఆ సంతకం ఎవరిదన్న అనుమానం మిగిలిన కాగితాల మీదికి కూడా పాకుతుంది. వారంలోపలే మెయిలు వచ్చింది. కుప్పంలోని మూడో సాక్షితో మాట్లాడి నిర్ణయం తీసుకుంటామని, అభ్యర్థి సాక్షికి సమాధానాలు నేర్పినా, మధ్యలో మాట్లాడినా ఆ సాక్ష్యం చెల్లదని దాని సారాంశం. ఆ దేశానికి వయసు హద్దు ఒకటుంది. నేను దాని గడప మీదే నిలబడి ఉన్నాను. ఈసారి కాదంటే మళ్ళీ దరఖాస్తు చేసేనాటికి ఆ హద్దు దాటిపోతాను. ఇంక జీవితాంతం రాసిపెట్టే అమ్మాయినే.

కుప్పం సాక్షి నేను పెద్దమ్మా అని పిలిచే ఆవిడ. మా అమ్మకు అక్క కాదు, మాకు దూరపు చుట్టం కూడా కాదు. ఆవిడకు కుప్పం దాటాక టమోటా, మిరప, వంగ నారు పెంచే నర్సరీ ఉంది. అక్కడి నుంచి నారు ట్రేలు అటు తమిళనాడుకూ ఇటు కర్ణాటకకూ పోతాయి. నారుతోపాటు ఒక కరపత్రం పోతుంది: ఎప్పుడు నాటాలి, నీళ్ళు ఎలా పెట్టాలి, ఏ మందు ఎంత కొట్టాలి. విత్తనాల కంపెనీ ఇంగ్లీషులో ఇచ్చేదాన్ని తెలుగు, కన్నడం, తమిళం మూడింటిలోకీ నేనే మార్చేదాన్ని. ఆవిడ వ్యాపారం మొదలుపెట్టిన కొత్తలో కుదిరిన పని, ఇప్పటిదాకా ఆగలేదు. నా అనుభవం మొత్తం ఆవిడ నోట్లో ఉంది.

ఆవిడ నోటి మాటే ఎందుకు దిక్కయిందంటే, నాకు ఆవిడ ఇచ్చిన డబ్బు ఒక్కసారీ బ్యాంకులో పడలేదు. పని ముగించుకుని వెళ్ళేటప్పుడు నన్ను పీట మీద కూర్చోబెట్టి బొట్టు పెట్టేది. పళ్ళెంలో రవికగుడ్డ, దాని మీద ఆకువక్క, అరటిపండ్లు. ఆ రవికగుడ్డ మడతలో డబ్బు. నేను కొంగు పట్టి తీసుకునేదాన్ని, మడత విప్పి చూసేదాన్ని కాదు. అకౌంటులో వెయ్యమని ఒకసారి అడిగాను. "కూలోళ్ళకు ఏసినట్ల నీకు ఏసేదా? నేనేమన్నా పరాయిదాన్నా?" అని ఆ పూట నాతో సరిగా మాట్లాడలేదు. ఆ తర్వాత అడగలేదు. మా వైపు ఇంటి ఆడపిల్ల చేతిలో వట్టి నోట్లు పెట్టరు. ఆ మర్యాద ఎంత బరువైనదో ఆ దేశంవాళ్ళు బ్యాంకు స్టేట్‌మెంటు అడిగిన రోజు తెలిసింది.

బెంగళూరులో మా కాగితాలు చూస్తున్న కన్సల్టెంటు ఫోన్‌లో గట్టిగా చెప్పాడు. ఆమెకు ముందే చెప్పి పెట్టండి, నెలనెలా జీతం అనమనండి, బంధువు కాదు అనమనండి, నాలుగుసార్లు అప్పజెప్పించుకోండి. నాకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ నేను తిన్న తిండి, ఎదుటి మనిషి మాటను ఉన్నదున్నట్టు అవతలికి చేర్చి సంపాదించిన తిండి. ఇప్పుడు ఆ పని చేసినట్టు రుజువు కోసం ఒకావిడ నోట్లో నా మాటలు కుక్కాలా? "నేను డ్రామా మేష్టరును కాదండీ" అని పెట్టేశాను. మా ఆయన పక్క గదిలోంచి అంతా విన్నాడు. "నేర్పొద్దులే. కానీ ఏం అడుగుతారో అయినా చెప్పొచ్చు గదా," అన్నాడు. అదీ చెప్పనన్నాను. చెప్పననైతే అన్నాను గానీ, ఆ వారమంతా రాత్రిళ్ళు లేచి ఆ మెయిలే మళ్ళీ మళ్ళీ చదివాను.

పెద్దమ్మకు ఒక్కటే చెప్పాను. ఒక ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది, లోన్ యాప్ వాళ్ళు కాదు, నిజం చెప్పు చాలు అని. పుంగనూరు కథ విని ఆవిడ కడుపు చెక్కలయ్యేలా నవ్వింది. "ఆయప్పకు బుద్ధి లేదు. నా దగ్గరికి రానీ, నీ గురించి ఎట్లా చెప్తానో సూడు. అయితే నువ్వు నా పక్కన ఉండల్ల. ఆ ఇంగ్లీషు ఇంటే నాకు కాళ్ళాడవు," అంది. మాట్లాడకుండా ఉంటానని చెప్పి ఒప్పుకున్నాను.

ఆ రోజు పొద్దున్నే మదనపల్లెలో బస్సెక్కాను. పుంగనూరు బస్టాండులో ఆగినప్పుడు ప్రెస్ అన్న కనబడతాడేమోనని ముఖం అటు తిప్పుకున్నాను. ఎవరు చెప్పారో, ఆయన రానే వచ్చాడు. కిటికీ దగ్గర నిలబడి, "నేను ఆ ఆఫీసుకు మెయిలు పెట్టించినానమ్మా, నాకు తెలుసునని," అన్నాడు. ముఖం చిన్నబోయి ఉంది. పాపం అనిపించినా నవ్వలేకపోయాను. పలమనేరు దాటాక పక్కన కూర్చున్న ముసలావిడ, "యాడికి పోతాండావమ్మా?" అంది. "కుప్పానికి. మా పెద్దమ్మోళ్ళింటికి," అన్నాను. అనేశాక గానీ నేనేమన్నానో నాకు తెలియలేదు.  నా నోటికే పని అన్న మాట రాలేదు, ఇంక ఆవిడ నోటికెలా వస్తుంది? వి.కోట దాకా అదే మాట మనసులో తిరుగుతూనే ఉంది.

నర్సరీ చేరేసరికి పెద్దమ్మ మంచి చీర కట్టుకుని సిద్ధంగా ఉంది. ఫోన్‌లో వాళ్ళకు కనబడదని చెప్పినా వినలేదు. ఆకుపచ్చ షేడ్‌నెట్ పందిరి కింద ఆడవాళ్ళు ట్రేలలో కొబ్బరిపొట్టు నింపుతున్నారు. ఒక మూల ఆవిడ ఆఫీసు, అంటే ఒక టేబులు, రెండు కుర్చీలు. చుట్టూ గోడలు లేవు, నెట్టే. టేబులు పక్కన స్టూలు మీద పళ్ళెం కనబడింది. రవికగుడ్డ, ఆకువక్క, పండ్లు. పోయిన నెల నేను చేసిన మిరప కరపత్రం తాలూకు డబ్బు. మామూలుగా అయితే అది చూసి నాకు హాయిగా ఉండేది. ఆ రోజు దాన్ని చూస్తే భయం వేసింది.

చెప్పిన వేళకే ఫోన్ మోగింది. స్పీకరు పెట్టింది. ఇంగ్లీషులో ఒక ఆడగొంతు, నిదానమైన మర్యాద. వెంటనే తెలుగులో ఒక మగగొంతు. "నమస్కారమండీ. నేను దుబాసీని. మీరు చెప్పేదంతా ఉన్నది ఉన్నట్టుగా ఇంగ్లీషులో చెబుతాను. నా తరఫున ఏదీ చేర్చను, ఏదీ వదిలిపెట్టను," అన్నాడు. కక్షిదారులకు నేను చెప్పే మాటే అది. ఒక్క క్షణం నా మనిషి దొరికినట్టు ధైర్యం వచ్చింది.

"అభ్యర్థి మీ దగ్గర ఉన్నారా?"

"ఈడనే ఉండాది సామీ. మాట్లాడతావా పాపా?"

నేను రెండు చేతులూ అడ్డంగా ఊపాను. అధికారిణి మర్యాదగానే చెప్పింది, ఆమెను దయచేసి గది బయటికి వెళ్ళమనండి అని. గది ఎక్కడుంది వెళ్ళడానికి? నెట్ దాటి అవతల నీళ్ళ డ్రమ్ముల దగ్గర నిలబడ్డాను. అయినా ప్రతి మాటా వినబడుతోంది. పెద్దమ్మ దూరదేశం ఫోను కదా అని పక్క చేను వాళ్ళను కేకేసినట్టు మాట్లాడుతోంది.

ఆమె మీకు ఎలా తెలుసు అని మొదటి ప్రశ్న.

"ఎట్లా తెలుసంటే ఏం చెప్పేది సామీ? మా ఇంటిబిడ్డ. నా కూతురే అనుకో."

దుబాసీ దాన్ని ఇంగ్లీషులోకి దించాడు. 'ఇంటిబిడ్డ'నూ వదల్లేదు, 'అనుకో'నూ వదల్లేదు. చాలా చక్కటి అనువాదం. 

రక్తసంబంధమా, పెళ్ళి ద్వారా వచ్చిన సంబంధమా అని అధికారిణి అడిగింది.

"సంబంధం లేకుంటే ఏమి? కడుపున పుట్టినోళ్ళు కూడా ఇంత పట్టించుకోరు. నాకు జరమొస్తే ఆయమ్మే ఆసుపత్రికి తోడొచ్చింది."

అది కూడా పోయింది ఇంగ్లీషులోకి. అటువైపు కీబోర్డు చప్పుడు. ఆమె చేసిన పనికి మీరు జీతం ఎలా ఇచ్చేవారు అన్న ప్రశ్న వచ్చింది. నేను డ్రమ్ము అంచు పట్టుకున్నాను.

"జీతమా?" పెద్దమ్మ నవ్వింది. "ఇంటిబిడ్డకు ఎవురన్నా జీతమిస్తారా? బొట్టు పెట్టి, రవికగుడ్డ పెట్టి, ఆకువక్క ఇచ్చి పంపిస్తా. వట్టి చేతుల్తో ఏ పొద్దూ పంపలా."

దుబాసీ చెప్పాడు. జీతమా, ఇంటిబిడ్డకు ఎవరైనా జీతమిస్తారా. నుదుట కుంకుమ. రవిక కుట్టుకునే గుడ్డ. తమలపాకులు, వక్కలు. ఒక్కొక్కటీ ఇంగ్లీషులో విడివిడిగా, శుభ్రంగా, సంతలో పరిచిన సామాన్లలాగా. అధికారిణి "బహుమతులు" అంది తనలో తాను అనుకుంటున్నట్టు. ఆ ఒక్క మాట నాకు చెంపదెబ్బలా తగిలింది.

 నెట్ అవతలి నుంచి ఒక్క మాట అంటే చాలు. పెద్దమ్మా, ఆ గుడ్డ మడతలో ఏం పెడతావో చెప్పు. అంతే. కానీ నా గొంతు వినబడితే సాక్ష్యం చెల్లదు. దుబాసీ తెలుగువాడు, ఆకువక్క కింద ఏముంటుందో వాడికి తెలియదా? ఒక్కసారి ఆగి, అమ్మా దాంతోపాటు డబ్బు కూడా ఇచ్చేవారా అని అడిగితే వాడి సొమ్మేం పోతుంది? వాడి మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆ కుర్చీలో నేనుంటే అడిగేదాన్నా? అడగను. ఎంత బతిమాలినా అడగను. అది తెలిసినా కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. ట్రేలు నింపుతున్న ఆడవాళ్ళు పని ఆపి నావైపే చూస్తున్నారు.

అధికారిణి అడిగింది, దుబాసీ తెలుగులో చెప్పాడు: "అయితే ఆమె మీకు బంధుత్వం కొద్దీ ఉచితంగా సాయం చేశారని, మీరు బహుమతులు ఇచ్చారని రాసుకోవచ్చా?"

 పెద్దమ్మ నవ్వు ముఖం మీదే ఆగిపోవడం నెట్‌లోంచి కనబడింది.

"ఉచితంగానా? ఊరికే చేయించుకున్నానని రాసుకుంటారా?" ఆవిడ కుర్చీలోంచి లేచింది. "సామీ, సరిగ్గా ఇనుకో. ట్రేలో పొట్టు నింపేదానికొచ్చే ఆడోళ్ళకు గూడా పొద్దు మునిగేలోపల ఇచ్చేస్తా నేను. ఆయమ్మకు ఎగ్గొడతానా? రవికగుడ్డలో డబ్బు పెట్టే ఇచ్చినా, ప్రతిసారీ. ముందే రేటు మాట్లాడుకున్నాం. తగ్గించమంటే తగ్గించదు ఆ మహాతల్లి. వట్టి ఆకులిచ్చి పంపిస్తే మా ఊర్లో నన్నెవురన్నా మనిషంటారా?"

దుబాసీ ఒక్క మాట వదలకుండా చెప్పాడు. 'మహాతల్లి'ని కూడా.  కానీ అధికారిణి వదల్లేదు. ఆమె గొంతులో అనుమానం ఇంకా ఉంది, అది న్యాయమే. డబ్బు ఇచ్చారు సరే, కానీ మీరు ఆమెను కూతురు అంటున్నారు. కూతురు కోసం తల్లి ఏదైనా చెబుతుంది. ఆమె మీకు కుటుంబ సభ్యురాలా, లేక స్వతంత్రంగా పని చేసే వృత్తిదారా? తేల్చి చెప్పండి.

పెద్దమ్మ నావైపు చూసింది. నెట్‌కు ఇటువైపు నేను, అటువైపు ఆవిడ. నేను చూపు దించుకున్నాను. కళ్ళతో కూడా ఏమీ చెప్పకూడదనుకున్నాను.

ఈసారి ఆవిడ గొంతు తగ్గింది. కేక పోయింది.

"ఒకటి చెప్తా సామీ, రాసుకో. ఒక సంవత్సరం ఎండాకాలంలో నా దగ్గర టమోటా నారు మిగిలిపొయ్యింది. ఎండకు ఆ రకం నాటద్దు, ముడత రోగమొస్తాదని కంపెనీ కాగితంలో ఉండాది. కన్నడం కాగితంలో ఆ ఒక్క వాక్యం తీసేయమని నేనే చెప్పినా. ఆ రైతులు ఎవురో, నేనెవురో అనుకున్యా. తీసెయ్యనంది. అరిసినా. నేను పెట్టిన అన్నం ముందర్నుంచి లేచి ఎల్లిపొయ్యింది. ఆమీట నా తప్పు నాకు తెలిసి, నేనే బస్సెక్కి మదనపల్లెకు పొయ్యి పిలుచుకొచ్చుకున్యా. ఆ నారంతా దిబ్బలో పోసినా."

ఈ సంగతి నేను మా ఆయనకు కూడా చెప్పలేదు. పనిలో విన్నది పనిలోనే ఉండాలి, అది మా వృత్తి ధర్మం. వ్యాపారంలో పేరున్న మనిషి, ఊరంతా గౌరవించే మనిషి, తన పనివాళ్ళు వింటుండగా, ముఖం తెలియని ఇద్దరికి తన తప్పు తనే చెప్పుకుంటోంది. నేను వద్దు పెద్దమ్మా అని అరవబోయి ఆగాను.

"నా కూతురైతే నా మాట ఇనింటాది," అంది పెద్దమ్మ. "ఆమె నా కూతురు కాదు సామీ. నాకేమీ కాదు. పని ఉంటే పిలుస్తా. వస్తాది, చేస్తాది, డబ్బు తీసుకోని పోతాది. అంతే. అట్లనే రాసుకోండి."

దుబాసీ అదీ చెప్పాడు.  ఆమె నాకేమీ కాదు అన్న మాటను ఆవిడ ఎంత మెల్లగా అందో అంతే మెల్లగా ఇంగ్లీషులో చెప్పాడు. ఏదీ చేర్చలేదు, ఏదీ వదల్లేదు. అధికారిణి కృతజ్ఞతలు చెప్పి ఫోన్ పెట్టేసింది.

నేను లోపలికి వెళ్ళాను. ఆడవాళ్ళు తలలు దించుకుని మళ్ళీ పొట్టు నింపుతున్నారు. పెద్దమ్మ కుర్చీలో కూర్చుని కొంగుతో మెడ తుడుచుకుంటోంది. నా వైపు చూడలేదు.

"ఆ మాట నా నోట అనిపిస్తిరి గదా పాపా, నువ్వూ వాండ్లూ కలిసి," అంది.

 అన్నం తిని పొమ్మంది. ఇద్దరం తిన్నాం. చారు బాగుందన్నాను. ఊఁ అంది. బయల్దేరేటప్పుడు అలవాటు కొద్దీ పీట వైపు చూశాను. ఆవిడ పీట వెయ్యలేదు. లెక్కలు చూసే అమ్మాయిని పిలిచి, "ఆయమ్మ నంబరుకు డబ్బులు ఏసెయ్యి," అంది. నా సంచిలో ఫోన్ చిన్నగా మోగింది.

"ఇంక దీంట్లోనే ఏస్తా. నీకు రుజువు కావల్ల గదా," అంది పెద్దమ్మ. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

ఎప్పుడో అడిగి చీవాట్లు తిన్నది అదే. ఇప్పుడు దొరికింది. స్టూలు మీద పళ్ళెం అలాగే ఉంది, తమలపాకులు ఎండకు వడిలిపోతున్నాయి. అది నాకియ్యి పెద్దమ్మా అని అడగడానికి నోరు రాలేదు. అడిగితే ఇచ్చేది. ఆ సంగతి నాకు తెలుసు, అయినా అడగలేకపోయాను. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని పలమనేరు దాకా ఏడ్చాను. పక్క సీటాయన పాపం నీళ్ళ సీసా అందించాడు.

తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. మెయిలు చప్పుడు వినబడితే చాలు, పొయ్యి మీది గిన్నె వదిలేసి పరిగెత్తేదాన్ని. చివరికి వచ్చింది. పని అనుభవం అంగీకరించారు. కుప్పం సాక్ష్యాన్ని పూర్తిగా నమ్మారు, ఇంక వీసా దశ మొదలవుతుంది. మా ఆయన వీధి వీధంతా వినబడేలా, "మా ఆవిడకొచ్చింది!" అని అరిచాడు. నేను మిద్దె ఎక్కి పెద్దమ్మకు ఫోన్ చేశాను.

పెద్దమ్మ అంతా విన్నది. సంతోషం పాపా, సంతోషం అంది. ఆవిడ వెనకాల నీళ్ళు చల్లుతున్న చప్పుడు వినబడుతోంది. ఇంక పెట్టేస్తుందేమో అనుకున్నాను. పెట్టెయ్యలేదు.

"అయితే పాపా," అంది కాస్త బెరుకుగా, "పని అయిపొయ్యింది గదా. ఇంక నువ్వు నా బిడ్డవని చెప్పుకోవచ్చునా?"

నాకు కన్నీళ్ళు ఆగలేదు. వీసా ఇచ్చే ఆఫీసువాళ్ళు కూడా ఫోన్ చేసి అడగవచ్చని మెయిలు చివర రాసి ఉంది.

"ఇప్పుడే చెప్పద్దు పెద్దమ్మా," అన్నాను. "వాళ్ళు మళ్ళా ఫోన్ చేస్తారేమో."